మధ్యాహ్నం మొరాయించిన క్రేను

ఫిజీ అంటే చెరకూ సముద్రమూ అనుకుని దిగినవాణ్ణి నేను. తీరా కొండల మధ్య బంగారు గని ఉందన్నారు. చూడబోయాను. బంగారం కంటికి ఆనలేదు కానీ అప్పలస్వామి మాత్రం గుర్తుండిపోయాడు. ఇప్పుడు నటబువా అనే ఊళ్లో మనవల మధ్య ఉంటున్నాడు. తెలుగు భజనలకు మిగిలింది, మిగతా కబుర్లన్నీ ఫిజీ హిందీలోనే.

తండ్రీ తనూ చెరకు బళ్ల పట్టాలు వేసినవాళ్లు. ఆ పనిలో ఒకటే ధర్మం: బిగించు. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో గనికి చేరాడు. అక్కడి పెద్ద క్రేను నడిచే పట్టాలు వేసే ముఠాకు అంతవరకూ పైదేశాలవాళ్లే పెద్దలు. స్థానికుల్లో మొదటి పెద్ద అప్పలస్వామి.

ఆ క్రేను రెండు పట్టాల మీద కాళ్లు పెట్టి, ఇంటికన్నా ఎత్తున నిలబడి, రాయి నలగ్గొట్టే యంత్రాలను మోస్తూ యార్డంతా నడిచేది. పట్టాను ఇరువైపులా రబ్బరు ముక్కున్న క్లిప్పులు పట్టి ఉంచుతాయి. పక్కకు పోనివ్వకూడదు, ఎండకు పొడుగునా సాగనివ్వాలి. అప్పలస్వామికి ఇది తెలుసు. అయినా తను వేసిన కొత్త పట్టా మీద క్రేను పొద్దున హాయిగా నడిచి, మధ్యాహ్నానికి మొరాయించేది. సాగే దారి లేక పట్టా వంకర తిరిగి చక్రాలను పట్టేసేది.

శుక్రవారం కూడా ఆగితే అప్పలస్వామి బదులు బయటినుంచి మనిషిని తెప్పిస్తానన్నాడు మేనేజరు.

అప్పలస్వామి ముఠాను నిలబెట్టాడు. "క్లిప్పులు ఎవరు ఎక్కువ బిగిస్తా ఉండేది?"

అందరూ చెరకు పట్టాల దగ్గర్నుంచి వచ్చినవాళ్లే. సుబ్రమణి తల గోక్కున్నాడు. "ఇంటికి పోతా ఒక్కో తిప్పు వేస్తా, అన్నా. నీ పేరు నిలబడాల గదా."

రామ్ లాల్‌దీ అదే మాట. అందరిదీ అదే అభిమానం.

పక్కన సాకియుసా కిసుక్కుమన్నాడు. అతను ఊరి ఫిజియను, అప్పలస్వామికి తవాలే, అంటే స్నేహంతో కలుపుకున్న బావ వరస. తవాలే ఏమైనా అనొచ్చు, నచ్చింది అడిగి పట్టుకుపోవచ్చు.

"తుమ్ భీ తో, తవాలే, నువ్వూ అంతేగా," అన్నాడు తాపీగా. "పొద్దున్నే పట్టాకు దండం పెడతావే, అప్పుడు చేతిలో స్పానరెందుకు?"

దండం పెట్టడం, వెళుతూ వెళుతూ ప్రతి క్లిప్పుకూ ఓ తిప్పు వేయడం నిజమే. అందరికన్నా ముందు నవ్వింది అప్పలస్వామే.

క్లిప్పులన్నీ విప్పి, సరైన బిగువుకు పెట్టారు. సాకియుసా స్పానర్లన్నీ గోనెలో వేసుకుని దానిమీదే కూర్చున్నాడు.

"క్రేను నడిస్తే నీ పూల చొక్కా నాది."

"నడవకపోతే?"

"నీ ఉద్యోగం పోతుంది. చొక్కా కూడా లాక్కుంటే బాగుండదు."

శుక్రవారం ఎండ మాడ్చేసింది. అప్పలస్వామి చేతులు ఊరుకోలేక జేబుల్లో దూర్చుకున్నాడు. క్రేను బరువెత్తుకుని కదిలింది. రోజూ ఆగేచోటు దాటింది. యార్డు చివరిదాకా పోయి, అంతే నింపాదిగా వెనక్కి వచ్చింది. మేనేజరు టోపీ తీసి విసురుకుంటూ, "ఇక ఎవర్నీ పిలవక్కర్లేదు," అని వెళ్లిపోయాడు.

సాయంత్రం యంగోనా వేరు దంచిన పొడితో పానీయం కలిపారు. కొబ్బరి చిప్ప చేతులు మారుతుంటే పూల చొక్కా కూడా ఒళ్లు మారింది.

బనీనుతో ఇల్లు చేరిన మొగుణ్ణి సర్లా ఎగాదిగా చూసింది. "చొక్కా ఏదీ?"

"తవాలే తీసుకుపోయినాడు. క్రేను నడిచింది."

"పోనీలే, ప్యాంటు వదిలినాడు, మంచోడే." ఆమె పచ్చడి సీసా తెచ్చి చేతిలో పెట్టింది. "ముందు ఈ మూత తియ్యి. పొద్దున నువ్వు మూసిందే. పక్కింటోళ్ల వల్ల కూడా కాలేదు."