దాదీ వెలుగువైపు నిలబడింది

పంతొమ్మిది వందల ఎనభై ఆరు, ఫిబ్రవరి మొదటి ఆదివారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, నేను తీసిన ఫొటోలో గోడ గడియారం పడింది. గడియారం పడింది, దాని కింద నిలబడ్డ ముసలామె పడింది, పడవలసిన పెళ్లికూతురు మాత్రం పడలేదు. ఆ రోజుల్లో ఫొటో తీసిన వెంటనే వెనక్కి తిప్పి చూసుకునే వీలు లేదు. రీలు కడిగేదాకా లోపల ఏముందో తీసినవాళ్లకీ తెలియదు, దిగినవాళ్లకీ తెలియదు. అందుకేనేమో, ఆ రోజుల్లో మాకు ధైర్యం కాస్త ఎక్కువ.

మా ఆయనకు నరసరావుపేటలో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. నాకప్పటికి ముప్పై ఏళ్లు, అక్షరం ముక్క రాదు. (బస్సు బోర్డు చదవలేక కండక్టర్లతో పోట్లాడి ఎక్కేదాన్ని. పోట్లాటకు చదువు అక్కర్లేదు.) అయినా రీళ్లు కడిగే చీకటి గదిలో ఆయన పక్కన నిలబడి నిలబడి రీలు ఎక్కించడం, బొమ్మ స్పష్టంగా కనపడేలా లెన్సు తిప్పడం నేర్చుకున్నాను. మసీదు వెనక వీధిలో పెళ్లి వచ్చింది. పెళ్లికూతురి తండ్రి కువైట్‌లో మెకానిక్కు. సెలవు దొరకలేదు. "నా బిడ్డ పెళ్లికూతురు ముస్తాబులో ఎట్టుందో చూడాల, ఫొటో పంపండి, ఇంకేం అడగను" అని ఉత్తరం రాశాడు. ఆడవాళ్ల గదిలోకి మగవాళ్లు పోకూడదు. పైగా ఆ కువైట్ మనిషి తల్లి, వీధంతా దాదీ (నాయనమ్మ) అని పిలిచే ఆమె, ఫొటోలంటేనే మండిపడేది. పుట్టి బుద్ధెరిగి ఒక్క ఫొటో దిగలేదట. చివరికి కొడుకు మాట కాదనలేక, "ఆడమనిషి తీస్తే తియ్యనీ. నేను మాత్రం దిగను" అంది. అలా నా మెడలో కెమెరా పడింది.

ఆ కెమెరా నెత్తిన ఒక చక్రం ఉండేది. ఒకటే చక్రం, రెండు పనులు. ఊరికే తిప్పితే లోపలి తెర ఎంతసేపు తెరుచుకోవాలో మారుతుంది. అంచు పట్టి పైకి లేపి తిప్పితే రీలు అంకె మారుతుంది. ఆ అంకె, రీలు ఎంత వెలుగుకు స్పందిస్తుందో కెమెరాకు చెప్పే లెక్క. ఎండకు వంద రీలు, వెలుతురు తక్కువున్న గదికి నాలుగొందల రీలు. ఫ్లాష్ వాడేటప్పుడు తెర లెక్క అరవై దగ్గరే ఉండాలి. దాటితే ఫ్లాష్ వెలిగే సమయానికి తెర పూర్తిగా తెరుచుకుని ఉండదు, బొమ్మలో ఒక పక్కంతా నల్లబడుతుంది. నాకు అంకెలు రావని మా ఆయన ఆ అరవై మీద నా గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టాడు. "ఈ చుక్క ఈ గీతకు ఎదురుగా ఉండాల. అంతే నీ చదువు" అన్నాడు.

నేను లోపలికి వెళ్లాను. పెళ్లికూతురు ఎర్ర చీరలో తల వంచుకుని కూర్చుంది. దాదీ నా వెనకే తిరుగుతూ, "కళ్లు పోతయ్యేమో, ఆ మెరుపు దూరంగా కొట్టు" అంటోంది. అంతలో పరదా అవతల నుంచి మా ఆయన గొంతు.

"ఏమే, రీలు మార్చినా గానీ అంకె మార్చలా. వంద మీదే ఉంది. నాలుగొందలకు తిప్పు."

"నాలుగొందలు ఎట్టుంటదయ్యా? వందంటే నోటు మీద చూసినా. నాలుగొందల నోటు నువ్వెప్పుడన్నా తెచ్చావా?"

లోపల ఆడవాళ్లంతా నవ్వారు. పెళ్లికూతురు కూడా.

"వంద తర్వాత రెండోది. అంచు పైకి లేపి తిప్పు. ఊరికే తిప్పబాక."

"తెలుసులే."

ఆ 'తెలుసులే' అన్న మాటే నా కొంప ముంచింది. అందరూ నవ్వుతుంటే గొప్పకు పోయి, లేపకుండా రెండు గడులు తిప్పేశాను. ఎర్ర చుక్క పక్కకు జరిగింది. నాలుగొందలంటే జరుగుతుంది కాబోలు అనుకున్నాను. ముప్పై ఆరు ఫొటోలు తీసి, ముప్పై ఆరుసార్లూ మెరుపు మెరిసినందుకు మురిసిపోయి ఇంటికొచ్చాను.

సాయంత్రం చీకటి గదిలో కాగితం మీద బొమ్మ తేలింది. ఒక పక్కంతా కాటుక. పెళ్లికూతురు ఆ కాటుకలో ఉంది. రెండో పక్క, నా వెనక నుంచి పోయి, ఫొటోలో పడననుకుని పిల్లకు కాపలాగా అంచున నిలబడ్డ దాదీ, ముడతలతో సహా, గడియారంతో సహా. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అసలు దిగనన్న మనిషి ప్రతి దాంట్లో దిగింది.

మా ఆయన కెమెరా తీసి చక్రం చూశాడు. "లేపలా?"

"లేపలా."

"రేప్పొద్దున నేనే పోయి చెప్తాలే."

"చేసింది నేను. నేనే పోతా" అన్నాను. ఆ రాత్రంతా నాకు కువైట్ మనిషే గుర్తుకొచ్చాడు. అడిగిందల్లా ఆ ఫొటో. పెళ్లి మళ్లీ చేయలేం గదా.

పొద్దున్నే ఫొటోలు దాదీ చేతిలో పెట్టి, దాచకుండా చెప్పాను. "తప్పు నాదే దాదీ. అమ్మాయి పడలా. నువ్వు పడ్డావు. అన్నిట్లో నువ్వే."

పెళ్లికూతురి తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. దాదీ ఒక ఫొటోను కిటికీ దగ్గరకు తీసుకుపోయి చానాసేపు చూసింది. తిడుతుందని నేను గుమ్మం వైపు జరిగాను.

"ఇంత ముసల్దాన్నయ్యానా నేను" అంది చివరికి. "వాడు కువైట్ పోయేటప్పటికి నాకు ఇన్ని ముడతలు లేవు." మళ్లీ చూసింది. "వాడు నన్ను చూసి ఆరేళ్లయింది. ఇది కూడా పంపండి."

గుమ్మం వైపు జరిగినదాన్ని మళ్లీ లోపలికి వచ్చాను.

"శుక్రవారం పిల్ల పుట్టింటికి వస్తది. మళ్లీ ముస్తాబు చేస్తాం. నువ్వే రావాల" అంది దాదీ. "ఈసారి నేను చీకటివైపు నిలబడతాలే."

శుక్రవారం వెళ్లాను. ఈసారి గొప్పకు పోకుండా చక్రం పెళ్లికూతురి ముందు పెట్టాను. ఏడో తరగతి చదివిన పిల్ల. నా వేలు పట్టుకుని ఒక్కో అంకె మీద పెట్టి, ఇది ముప్పై, ఇది అరవై, అక్కా, లేపితే ఇదిగో వంద, ఇదిగో నాలుగొందలు అని చెప్పింది. అందరూ అఆలతో మొదలుపెడతారు. నా చదువు అక్కడ మొదలైంది. అక్షరాలు నలభై ఏళ్లు దాటాక వచ్చాయి. ఇదంతా నా చేత్తో నేనే రాస్తున్నాను, తప్పులుంటే మీరే లేపి తిప్పుకోండి.

మొన్న మనవరాలి కెమెరా చూశాను. వెలుగు లెక్క అదే చూసుకుంటుందట, ఫ్లాష్ అవసరమైతే అదే వెలుగుతుందట. మంచిదే. కానీ ఆ కెమెరా అయితే దాదీని ఆ ఫొటోలో పడనిచ్చేదా అని నాకొక అనుమానం.

ఆ శుక్రవారం తీసిన ఫొటోలో అందరూ పడ్డారు. వెలుగులో పెళ్లికూతురు, పక్కన ఆమె తల్లి, ఇద్దరు పిన్నమ్మలు, చీకటివైపు నిలబడతానని వచ్చి మధ్యలో కూర్చున్న దాదీ. బొమ్మలో కనపడకపోయినా, పరదా అవతల అరుగు మీద, నోరు మూసుకోలేక మూసుకుని కూర్చున్న మా ఆయన. కెమెరా వెనక, ఎర్ర చుక్కను గీతకు ఎదురుగా పెట్టి, అరవై అని మొదటిసారి చదువుకున్న నేను.