ఆ పిల్ల కూర్చుంటే ఆగిపోయే సర్వర్

అశోక్ నగర్‌లోని మా ఇంటి కింది అంతస్తును హాలుగా మార్చి, సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవాళ్లకు కంప్యూటర్ మీద ప్రాక్టీసు టెస్టులు పెడతాను. హాలు నిండా కంప్యూటర్లున్నా వాటన్నిటికీ ప్రాణం ఒక్కటే, మెట్ల కింద పెట్టిన సర్వర్. ప్రశ్నలు పంపేది అదే, జవాబులు దాచేది అదే. అది ఆగిందంటే హాలంతా తలెత్తి నా వైపు చూస్తుంది. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అన్ని చూపులు ఒక్కసారి మీద పడితే ఇక చెప్పనక్కర్లేదు.

ఆ ఎండాకాలం చివర్లో అది మొండికేయడం మొదలుపెట్టింది. ఎప్పుడూ మధ్యాహ్నం బ్యాచులోనే, టెస్టు సగంలో ఉండగా ఠక్కున ఆగిపోయేది. రిపేరుకు వచ్చినవాళ్లు మూత తీసి చూసేవారు. వేడీ లేదు, వాసనా లేదు, అన్నీ బాగానే ఉన్నాయని చెప్పి చాయ్ తాగి వెళ్లేవారు. వాళ్లటు వెళ్లాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ అదే కథ. నేను దాన్ని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. అది పట్టించుకున్నట్టు కనబడలేదు.

మధ్యాహ్నం బ్యాచులోకి అప్పుడే కొత్తగా ఒక అమ్మాయి చేరింది. పల్లె నుంచి వచ్చి మా వెనక సందులో హాస్టల్లో ఉంటోంది. ఆమె చేరిన వారమే సర్వర్ ఆగడం మొదలైంది. ఈమె కూర్చుంటేనే బంద్ అవుతోందని ముందు ఎవరో నవ్వులాటకు అన్నారు. ఆమె బోనాల పండుగకు ఊరికి పోయిన రోజు సర్వర్ నిక్షేపంగా నడిచింది. తిరిగొచ్చిన మర్నాడే ఆగింది. అంతే, నవ్వులాట కాస్తా నమ్మకమై కూర్చుంది. ఆమెకు అటూ ఇటూ ఉన్న సీట్లు ఖాళీగా ఉండసాగాయి. పెద్ద పెద్ద ఆఫీసర్లు కావాలని చదివే పిల్లలు మరి!

ఒక పొద్దున ఆమె వచ్చి బ్యాచు మానేస్తానంది. బ్యాచు ఒక్కటే కాదట, అసలు పరీక్షే రాయదట, హాస్టల్ ఖాళీ చేసి ఊరికి పోతుందట.

"నేను ఏడ కూసుంటె ఆడ గిట్లనే అయితది అక్కా. రేపు అసలు పరీక్షల గూడ గిట్లనే అయితే? నాతోని మందికెందుకు నష్టం?"

నాకు ఒళ్లు మండింది. ఏడాదంతా రాత్రనక పగలనక చదివిన పిల్ల, ఒక ఇనుప డబ్బా ఆగిందని తన తలరాతనే తప్పు పడుతోంది. పిచ్చి మాటలు మాట్లాడకని కసిరాను. కసిరితే ఎవరి భయమైనా పోయిందా? కాదని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. వారం చివరి దాకా ఆగుతానని మాత్రం మాట తీసుకున్నాను.

అప్పుడు పిలిచాను నారాయణగూడ అక్కను. యాభై దాటిన మనిషి, కంప్యూటర్లు బాగుచేసే దుకాణం సొంతంగా నడుపుతుంది. ఆమె నోరు మంచిది కాదు, చెయ్యి మంచిదని అందరూ అంటారు. రెండూ నిజమే. వస్తూనే, ఆగినప్పుడల్లా నేను చేసే పని ఏమిటని అడిగింది. రెండు చరుపులు చరిచి మళ్లీ ఆన్ చేస్తానన్నాను. నా మొహం చూసి, నువ్వు డాక్టరు కాకపోవడం మంచిదైంది అంది.

మెమొరీ ముక్కలన్నీ తీసి, ఒక్కొక్కటే పెట్టి పరీక్ష నడిపింది. తర్వాత డిస్కు. తర్వాత కరెంటు అందించే డబ్బా మార్చి మళ్లీ మొదటి నుంచి. తెర మీద నెమ్మదిగా అంకెలు కదులుతుంటే ఆమె ఫోను ముట్టలేదు, నిట్టూర్చలేదు. మధ్యమధ్య సర్వర్ వెనక అరచేయి పెట్టి గాలి ఎలా వస్తోందో చూసేది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాని పని. అన్నీ ఒకేసారి మార్చెయ్యరాదా అన్నాను.

"రెండు మారిస్తె ఏది చెడ్డదో ఎట్ల ఎరుకైతది? ఒక్కటి మార్చాలె, ఆగాలె, చూడాలె."

మధ్యాహ్నం దాకా చూసినా ఏ లోపమూ దొరకలేదు. మిగతావాళ్లయితే ఇక్కడే చాయ్ అడిగేవారు. ఆమె మాత్రం, బాగున్నప్పుడు చూస్తే బాగానే ఉంటుందనీ, పడిపోయే వేళకు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంచి చూడాలనీ అంది. మధ్యాహ్నం బ్యాచు మొత్తాన్నీ పిలిచి పాత టెస్టు ఒకటి మళ్లీ రాయించమంది. పిల్లలు వచ్చారు. ఆ అమ్మాయి మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎందుకని అక్క అడిగితే, నేలచూపులు చూస్తూ తన సంగతి చెప్పింది.

అక్క నవ్వుతుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. ఆమె రెండూ చేయలేదు. ఎన్నడు చేరావు, ఏ సీటులో కూర్చుంటావు, ఊరికి ఎన్నడు పోయావు అని నిదానంగా అడిగి తెలుసుకుంది.

"సరే, గది గూడ చెక్ చేద్దాం. నువ్వు గూడ ఒక పార్టే అనుకో. పొయ్యి నీ సీట్ల కూసో."

ఆ మాటకు నేను ఆమెకు దాసోహమన్నాను. మేమంతా ఆ పిల్లను ఎగతాళి చేసినవాళ్లమో, కసిరి నోరు మూయించినవాళ్లమో. ఆమె భయాన్ని భయంగా తీసుకుని, పరీక్షకు పెట్టిన మనిషి ఈమె ఒక్కతే.

అక్క హాల్లో ఒక మూల కూర్చుని తన ల్యాప్‌టాప్‌లో సర్వర్ వేడిని చూస్తోంది. మొదట్లో నిలకడగానే ఉంది. కాసేపటికి ఎక్కడం మొదలైంది. ఆమె లేచి మెట్ల కిందికి నడిచింది, వెనకే నేను. సర్వర్ కనబడలేదు. దాని మీద నిండుగా కుచ్చులు కుట్టిన ముదురెరుపు మఖమల్ కవరు ఉంది.

మా అత్తగారికి ఇంట్లో ఏ వస్తువూ ఒట్టిగా కనబడకూడదు. ఫ్రిజ్జుకు కవరు, మిక్సీకి కవరు, టీవీకి కవరు. ఆ పిల్ల చేరిన వారమే మా ఇంటి ముందు రోడ్డు తవ్వి దుమ్ము లేస్తే, సుల్తాన్ బజార్ నుంచి గుడ్డ తెచ్చి సర్వర్‌కూ కుట్టింది. రిపేరువాళ్లు వస్తే అడ్డమని తీసి మడత పెట్టేది, పని అయిపోయిందనుకోగానే మళ్లీ తొడిగేది. వాళ్లంతా చూసింది గుడ్డ తీసిన సర్వర్‌నే, రోజూ చూసే నాకేమో ఆ గుడ్డ మీద అనుమానమే రాలేదు! బోనాలకు ఇల్లు దులిపి కవర్లన్నీ ఉతికి ఆరేసిన రోజే ఆ పిల్ల తన ఊరికి పోయింది. గాలి పోయే దారి మూసుకుపోయి, మధ్యాహ్నపు ఎండా తోడై, వేడి హద్దు దాటగానే పాపం అది తనంతట తానే ఆగిపోతోంది. నేను కవరు లాగబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. ఆ పిల్ల గూడ లోపట్నే ఉన్నది గద. గుడ్డతోనా, పిల్లతోనా, తేలాలె."

అనుకున్నట్టే సర్వర్ ఆగింది. హాల్లో అందరూ ఆ అమ్మాయి వైపు తిరిగారు.

అక్క అది చల్లబడే దాకా ఆగి, కవరు తీసేసి, ఆ అమ్మాయిని అక్కడే కూర్చోబెట్టి మళ్లీ నడిపింది. టెస్టు చివరి దాకా నడిచింది. నాకు అంతటితో చాలనిపించింది, అక్కకు చాలలేదు. మర్నాడు అదే వేళకు ఆ అమ్మాయిని చిక్కడపల్లి పంపి, ఫోను చేసే దాకా రావద్దంది. కవరు మా అత్తగారి చేతే తొడిగించింది. దుమ్ము పడుతుందని కప్పానే గానీ అని ఆవిడ చిన్నబోతూ తొడిగింది. హాల్లో అందరూ రాస్తున్నారు, ఒక్క సీటే ఖాళీ. సగం టెస్టు కాకముందే సర్వర్ ఆగిపోయింది. ఈసారి ఎవరి వైపు చూడాలో ఎవరికీ తెలియలేదు.

ఫోను నన్నే చేయమంది అక్క. బంద్ అయిందని చెప్పాను. అటు నుంచి బస్సుల హారన్ల మధ్య ఆ పిల్ల గొంతు వినబడింది.

"నేను ఆడ లేను గద అక్కా?"

"లేవు."

"నా సీట్ల?"

"ఎవ్వరు లేరు. ఖాళీగున్నది."

ఆ పిల్ల ఏడుస్తోందని నాకు తెలిసింది. ముక్కు ఎగబీల్చి అంది:

"ఎవ్వర్ని కూసోనియ్యకుండ్రి అక్కా. నేను వస్తున్న."