ఆవపిండి జాడీ

పోయిన ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు మా కూతురి కూతురు నంద్యాల బజారు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి నా మంచం మీద పెట్టింది. నిలువుగా కోసి నూనెలో వేయించిన ఉర్లగడ్డ ముక్కలు, బంగాళాదుంప అంటారే అవి, పక్కన సాసేజిలు, చిన్న చిన్న పొట్లాల్లో ఎరుపు, తెలుపు, పసుపు రంగుల ముద్దలు. సాసేజి అంటే ఏమిటో ఆ పిల్ల నాకు విడమరిచి చెప్పబోయింది గాని, మాంసాన్ని మెత్తగా కొట్టి పేగులో కూరి చేసే ఆ వంటకాన్ని నేను దాని తల్లి పుట్టకముందే చూశాను. ఏ దేశం వాళ్లు దేంట్లో ముంచుకుంటారో ఫోనులో చూసి చదివింది. ఒక దేశంలో వెనిగర్ చల్లుకుంటారట, ఒక దేశంలో గుడ్డుసొనతో చేసిన తెల్లముద్దట, ఒక చోట ఆవపిండట. చదవడం అయ్యాక, మీ కాలంలో దేంట్లో నంజుకునేవాళ్లు అవ్వా అని అడిగింది. నేను పసుపు పొట్లం చించి వాసన చూశాను. ముక్కులోకి ఎక్కిన ఆ ఘాటుతో మా నాయన గుర్తుకొచ్చాడు.

మాది ఆళ్లగడ్డ దగ్గర సేద్యగాళ్ల ఇల్లు. వరసగా వానలు లేక బావి అడుగంటితే, ఉన్న చేను తమ్ముడికి అప్పజెప్పి మా నాయన మమ్మల్ని తీసుకుని నంద్యాలకు వచ్చాడు. అది 1953. మా చిన్నాయన బతికున్నంత కాలం 1954 అనే వాదించేవాడు గాని, నన్ను నంద్యాల బడిలో రెండో తరగతిలో వేసింది 53లోనే కాబట్టి నా మాటే సరైనది. నంద్యాలలో తెల్లవాళ్లు నడిపే ఆస్పత్రి ఒకటి ఉండేది. దాని వెనక బంగళాలో నాయన మొదట సామాన్ల గది కాపలాకు చేరాడు. ఉన్న వంటమనిషి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాక పొయ్యి ఆయన చేతికి వచ్చింది.

బంగళాలో ఇద్దరు దొరసానులు ఉండేవాళ్లు. పెద్దామె కంటి డాక్టరు, ఇంగ్లండు మనిషి. చిన్నామె నర్సు, హాలండు నుంచి వచ్చింది. ఇద్దరికీ శనివారం పగలు సాసేజిలు, వేయించిన ఉర్లగడ్డలు ఉండాల్సిందే. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే పళ్లెంలోవి తినేవాళ్లు గాని, నంజుకునే దగ్గర మాత్రం ఎవరి దారి వాళ్లది. పెద్దామె ఉర్లగడ్డల మీద ఉప్పు, వెనిగర్ చల్లుకుని, సాసేజికి ఆవపిండి పూసుకునేది. చిన్నామెకు వెనిగర్ వాసన పడదు. ఆమె కోసం నాయన గుడ్డుసొనలో నూనె చుక్కచుక్కగా వేస్తూ చెయ్యి పడిపోయేదాకా గిలకొట్టేవాడు, ఎండాకాలంలో అది విరిగిపోతే మళ్లీ మొదలుపెట్టేవాడు. మిగిలిన ఉర్లగడ్డలు ఇంటికి తెచ్చేవాడు. మా అమ్మ వాటిని ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ వేసి నూరిన ఎర్రకారంతో తినేది. పక్కింటి బీబమ్మకు కొన్ని ఇస్తే, పుదీనా, పచ్చిమిరపకాయల చట్నీ లేకుండా వీటిని ఎట్లా మింగుతాండారమ్మా అని మమ్మల్ని చూసి జాలిపడేది. వేయించిన గడ్డ ఎక్కడైనా ఒకటే. పక్కన పెట్టుకునేదాని దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఒక్కరూ వాళ్లమ్మ ఇంటికి వెళ్లిపోతారని నాకు ఆ వయసులోనే అనిపించేది.

నాయన కూడా అంతే. ఆయనకు కావలసింది వాళ్లమ్మ చేతి ఊరుబిండి, మా జేజి చేతిది. చెనిక్కాయలు, చింతపండు, ఎండుమిరపకాయలు కలిపి రోట్లో నూరే పచ్చడిని మా వైపు అట్లా అంటారు. చెనిక్కాయలంటే వేరుశనగలే. కానీ జేజికీ నాయనకూ మధ్య మాట చెడింది. 1955లో ఆమె మమ్మల్ని చూడడానికి ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చింది. సాసేజిలలో పంది మాంసం కూడా ఉంటుందని ఎవరో ఆమె చెవిన వేశారు. అమ్మ అప్పుడే విస్తరి వేసి అన్నం వడ్డించబోతోంది. జేజి విస్తరి ముందు నుంచి లేచింది.

"ఆ చేత్తోనే పందిని కోసి, ఆ చేత్తోనే నాకు కూడు పెడతావా? నీ కూడు నాకొద్దురా."

నాయన ఎంత బతిమాలినా వినలేదు. మంచినీళ్లు కూడా ముట్టకుండా సాయంత్రం బస్సెక్కింది. నాయన ఆ పూట అన్నం తినలేదు. అయినా నెల తిరిగేసరికి బస్సు కండక్టరు చేతికి ఒక జాడీ ఇచ్చి పంపింది. గోధుమరంగు పింగాణి జాడీ, మూతికి గుడ్డ కట్టి ఉంది, నిండా ఊరుబిండి. ఆ తర్వాత నెలనెలా వచ్చేది. కొడుకు చేతిది తను తినదు గాని, తన చేతిది కొడుకు తినకుండా ఉండడం ఆమెకు ఇష్టం లేదు. ఖాళీ జాడీ తిరిగి పంపకూడదని అమ్మ దాన్ని కడిగి ఉప్పో, బెల్లమో, చింతపండో పోసి పంపేది. వాటిని జేజి తీసుకునేది. వండనిదానికి అంటు లేదని ఆమె లెక్క.

ఈ లెక్కను నాయన మనసులో పెట్టుకున్నాడు. ఎట్లాగైనా తన చేతిది ఏదో ఒకటి వాళ్లమ్మ నోట్లో పడాలి, ఆయనకు అదొక్కటే పట్టుదల. 1957లో మద్రాసు నుంచి రావలసిన ఆవపిండి డబ్బాలు రాక, మన ఆవాలే నూరి నీళ్లు, వెనిగర్ కలిపి పెద్దామెకు ఆయనే చేసి పెట్టాడు. ఆమె మెచ్చుకుంది. పొయ్యి ఎక్కలేదు, మంట తగల్లేదు, ఇది వండినట్టు ఎట్లా అవుతుందని నాయన వాదన. అమ్మ వద్దన్నా వినకుండా మా ఇంటి రోట్లో మళ్లీ నూరి, జాడీ నిండా ఆవపిండి పెట్టి, గుడ్డ కట్టి పంపాడు.

ఆ జాడీ తిరిగి రాలేదు. తర్వాతి నెలా రాలేదు. ఆళ్లగడ్డ బస్సు వచ్చే వేళకు నాయన పనిమీద పోతున్నట్టు పోయి, వట్టి చేతులతో వచ్చేవాడు. చివరికి మా చిన్నాయన ఎద్దుల కోసం నంద్యాలకు వచ్చినప్పుడు నాయన ఆయన్ని పక్కకు పిలిచి అడిగాడు.

"నీళ్లు కలిపినావంట గదన్నా," అన్నాడు చిన్నాయన. "నిప్పు తగలకుంటే సరిపోతాదా? తడి తగిల్తే అన్నంతో సమానం అంటాది అమ్మ. చెనిక్కాయలేంచి ఇచ్చుంటే తినేదేమో. నూనెలో ఏంచినా, ఇసుకలో ఏంచినా ఆమెకు అంటు లేదు."

ఆ తల్లి ఇంట్లోనే పుట్టి పెరిగి కూడా ఆ సంగతి మరిచిపోయినందుకు నాయన తలకొట్టుకున్నాడు. దాదాపు ఏడాది పాటు మా ఇంట్లో జేజి ఊరుబిండి లేదు. అమ్మ నూరేది గాని, అది అమ్మ చేతిది. నాయన ఏమీ అనకుండా తినేవాడు, ఆ ఏమీ అనకపోవడానికే అమ్మకు కోపం వచ్చేది.

1958 చలికాలంలో జేజి రెండు కళ్లూ మసకబారాయి. కళ్లకు కత్తి పెట్టేది మా దొరసాని ఆస్పత్రిలోనే కాబట్టి ఆమె రాక తప్పలేదు. కానీ ముందే షరతు పెట్టింది. తన వంట తన చిన్నకోడలు, అంటే మా పిన్నమ్మ, ఆస్పత్రి ఆవరణలో రోగుల వాళ్లు వండుకునే పాకలో చెయ్యాలి. పెద్దకొడుకు ఇంటి నుంచి గిన్నె రాకూడదు. ఆ రోజుల్లో కంటి ఆపరేషన్ అంటే రెండు కళ్లకూ కట్టు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి పడుకోబెట్టేవాళ్లు. దగ్గకూడదు, తుమ్మకూడదు, గట్టిగా నమలకూడదు. మూడో రోజు పిన్నమ్మ చంటిబిడ్డకు జ్వరం అని కబురు వస్తే ఆమె ఆళ్లగడ్డకు పరుగెత్తింది. ఇక జేజి పాలు, అరటిపండు తప్ప ఏదీ ముట్టలేదు. అమ్మ గంజి తెస్తే నోరు బిగించింది. పెద్ద దొరసాని వచ్చి, ఇట్లా పస్తు ఉంటే కోసిన కన్ను మానదని, ఇంతా చేసి చూపు దక్కకపోవచ్చని తనకొచ్చిన తెలుగులో కోప్పడి వెళ్లింది.

ఆ మాట విని నాయన బజారుకు పోయి కొత్త బాణలి కొన్నాడు. ఉర్లగడ్డలను నీళ్లతో కడగలేదు. పొడిగుడ్డతో తుడిచి, చెక్కు తీసి, దొరసానులకు కోసినట్టే లావుగా కోసి, లోపల వెన్నలా అయ్యేదాకా నూనెలో వేయించాడు. చెనిక్కాయలు వేయించి ఉప్పు వేసి దంచి, ఆ పొడిని నూనెతోనే ముద్ద చేశాడు. మిరపకాయ వేయలేదు. నన్ను వెంటబెట్టుకుని మంచం దగ్గరికి వెళ్లాడు. నాకు పన్నెండేళ్లు. పళ్లెం నేను పట్టుకున్నాను.

"అమ్మా, నీళ్లు తగలనీలే," అన్నాడు. "నూనెలోనే ఏంచినా."

జేజి తల కదపకుండానే అడిగింది.

"గడ్డలు కడగలేదా?"

"గుడ్డతో తుడిచినా."

"బాణలి?"

"కొత్తది. ఈ పొద్దే కొన్న్యా."

ఇంకా ఏదో వెతుకుతున్నట్టు ఆమె పెదవులు కదిలాయి. అడగడానికి ఏమీ మిగల్లేదు. నోరు తెరిచింది. నాయన గడ్డను వేళ్లతో మెదిపి, పొడిముద్ద అద్ది, పెట్టాడు. ఆమె మింగి, మళ్లీ నోరు తెరిచే ముందు అంది:

"కారమేదిరా? దొరసానుల నాలిక వచ్చింది నీకు."

"కారమేస్తే దగ్గొస్తాదమ్మా. దగ్గితే కన్ను పోతాది."

పళ్లెం ఖాళీ చేసింది. అప్పుడు నాయన ఇన్నాళ్లుగా మనసులో ఉంచుకున్నది అడిగాడు. ఆవపిండి పంపానని అంత కోపం వచ్చిందా, జాడీ పంపడమే మానేశావని. జేజి కట్టు కింద ముఖం చిట్లించుకుంది.

"కోపమేందిరా? జాడీ ఖాళీ లేదు. నువ్వు పంపింది దాంట్లోనే ఉండాది. తినేకి లేకపాయ, పారేసేకి చెయ్యి రాకపాయ. ఇంగ దేంట్లో పంపేది?"

నాయన నవ్వబోయి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇంకో జాడీలో పంపొచ్చు గదా అని నేను అడగబోతే నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

కట్టు విప్పాక జేజికి చూపు వచ్చింది. ఆ తర్వాత ఆమె నంద్యాలకు వచ్చినప్పుడల్లా నాయన నీళ్లు తగలని ఉర్లగడ్డలు, నూనెతో కలిపిన పొడి పెట్టేవాడు. ఇప్పుడు అందులో కారం ఉండేది. ఆమె తినేది, ఉప్పు చాలలేదనేది. అన్నం మాత్రం పిన్నమ్మ కట్టిచ్చిన మూటలో తనతో తెచ్చుకునేది. అన్నానికి నీళ్లు తప్పవు కదా. ఇంకో ఏడాది ఆగితే ఆ ఒక్కటీ ఒప్పుకుంటుందని నాయన నమ్మకం. 1960లో ఆమె ఆళ్లగడ్డలోనే పోయింది. నాయన ఆ జాడీ తెచ్చుకున్నాడు. కొట్టంలో ఉట్టి మీద ఉందట. లోపల ఆవపిండి ఎండి నల్లగా రాయిలా అంటుకుపోయి ఉంది. ఆయన దాన్ని కడగనివ్వలేదు.

మా మనవరాలు మిగిలిన రెండు పొట్లాలు కూడా చించి, ఒకే ముక్కను ఎరుపులో, తెలుపులో, పసుపులో ముంచి తిన్నది. ఎవరు చేశారో, ఏ చేత్తో చేశారో, నీళ్లు తగిలాయో లేదో దానికి అక్కర లేదు. అది మంచికే అని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను. ఒక ముద్ద పెట్టడానికి మా నాయన పడ్డ పాట్లు ఎవరూ పడకూడదు. కానీ ఆ పొట్లాన్ని తిప్పి తిప్పి చూస్తే, కోప్పడడానికైనా, ఉప్పు చాలలేదని చెప్పడానికైనా దాని వెనక మనిషి లేడు.

పోయినవాటి లెక్క ఇదీ. జాడీ ఒకటి, ఇల్లు మారినప్పుడు పగిలింది. జేజి రోలు ఒకటి, చిన్నాయన వాళ్లు కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు పునాదిలో వేశారు. ఊరుబిండి, ఆమె నూరినట్టు నూరేవాళ్లు ఎవరూ లేరు, నాకూ రాదు. జేజి, నాయన, అమ్మ. నాయన వాళ్లమ్మకు పెట్టాలనుకున్న అన్నం, ఒక ముద్ద.