నా పాదం, ఆయన పొక్లెయిన్

ఆ రోజుల్లో నాకు రెండు రకాల మనుషులంటే అస్సలు పడేది కాదు. "నీకెందుకమ్మా ఇవన్నీ" అనేవాళ్ళు ఒక రకం, "పాపం, ఆడపిల్ల" అనేవాళ్ళు రెండో రకం. ఆ రోజులంటే మరీ పాతకాలం అనుకునేరు, అందరి చేతుల్లోనూ స్మార్ట్‌ఫోన్లు ఉన్న రోజులే. ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికి రాగానే మా అమ్మ ఉంగుటూరులో నాకోసం బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొని దొంతర పేర్చింది. నేను ఆ దొంతరని అలాగే వదిలేసి, హనుమాన్ జంక్షన్‌లో మా మావయ్య షెడ్డులో చేరిపోయాను. మావయ్య ఎక్కడెక్కడి నుంచో మట్టి తవ్వే పాత పొక్లెయిన్లు కొనుక్కొచ్చి, బాగుచేయించి అమ్మేవాడు. ఇంజన్ల పనంతా గ్రీజు బాబాయిది (చుట్టం కాదు, షెడ్డులో పెద్ద మెకానిక్కు, ఆయన మోచేతుల దాకా ఎప్పుడూ గ్రీజే). వైర్ల పని నాది. మల్టీమీటరు మెళ్ళో వేసుకుని తిరిగేదాన్ని కాబట్టి 'మీటరమ్మ' అని పేరు పెట్టారు. వాళ్ళు వెక్కిరింపుగానే పెట్టారు గానీ, నేను దాన్ని బిరుదులాగా మోశాను.

మా దగ్గర బండి కొన్న వాళ్ళలో నూజివీడు అవతల మామిడితోట ఉన్న ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయన తోటలో కాసేవి పెద్దరసాలే గానీ, మనిషి పొట్టి కావడంతో మేం చాటుగా చిన్నరసం గారు అనుకునేవాళ్ళం. కాపు అయిపోయింది, వానలు పడేలోగా తోటలో చెరువు గుంట తవ్వించాలని ఆయన తొందర. ఆ తొందరలో ఉండగా బండి మొరాయించింది. శుభ్రంగా తవ్వుతూ తవ్వుతూ ఠక్కున ఆగిపోయేది. తాళం మళ్ళీ తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ముందు గ్రీజు బాబాయి వెళ్ళి ఫిల్టర్లు మార్చాడు, డీజిల్ పైపులు ఊదాడు, స్పానర్ చెవికి ఆనించి ఇంజన్ గుండె చప్పుడు కూడా విన్నాడు. తిరిగొచ్చి, "ఇంజన్ బంగారం. వైరింగులో ఉంది తేడా. మీటరమ్మని పంపండి" అన్నాడు. నేను స్కూటీ మీద మహారాణిలా బయల్దేరాను.

స్కూటీ తోటలోకి తిరిగిందో లేదో, గుంటలో బండి నడుపుతున్న ఆపరేటర్ అన్న నన్ను చూసి 'భాం' అని హారన్ కొట్టాడు. ఆ వెంటనే బండి ఆగిపోయింది. గట్టు మీద పాదులు తవ్వుతున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. నేను వాళ్ళ వైపు చూడకుండా బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఫ్యూజులు అన్నీ మీటరు పెట్టి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. మర్నాడు వెళ్తే, నా స్కూటీ కనపడగానే మళ్ళీ ఆగింది. ఆ తర్వాత వెళ్ళినప్పుడూ అంతే. అప్పటికి గట్టు మీద ఆడవాళ్ళు నాకోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు.

"అదుగో అమ్మాయొచ్చింది. ఇంక ఆగిపోయిద్ది చూడండే!"

ఆగిపోయింది.

చెట్టు నీడలో మంచం మీదున్న చిన్నరసం గారు లేచి కూర్చున్నారు. "ఏమనుకోకమ్మాయ్. నీ పాదం ఈ బండికి పడట్లేదు" అన్నారు. (నేను లేనప్పుడు ఆగడం లేదా అంటే, ఆగుతూనే ఉంది. కానీ ఆ ఆగడాలేవీ ఎవరి లెక్కలోకీ రాలేదు.) ఆయన అంతటితో ఊరుకోలేదు. నా ఎదురుగానే మావయ్యకి ఫోన్ చేసి, ఇంకెవరినైనా పంపమని, లేకపోతే బండి వెనక్కి తీసుకుపొమ్మని చెప్పారు. మరుక్షణం నా ఫోను మోగింది.

"వచ్చెయ్యవే. బాబాయిని పంపిస్తా. నువ్వు కొన్నాళ్ళు అమ్మ దగ్గరుండు" అన్నాడు మావయ్య.

"రాను మావయ్యా."

"ఏంటే, రానంటే?"

"ఆగిపోయింది బండి. నేను కాదు."

ఫోన్ పెట్టేసి, తిన్నగా వెళ్ళి బండెక్కాను. చిన్నరసం గారు కింద నిలబడి "దిగమ్మా" అన్నారు. "దిగనండి. ఏంటో తేలేదాకా దిగను. కావాలంటే నాతో సహా తవ్వించుకోండి" అన్నాను. (కోపంలో కూడా 'అండి' మానలేదు, అది మా అమ్మ పెంపకం.) ఆపరేటర్ అన్నకి నవ్వాలో భయపడాలో తెలియలేదు. క్యాబిన్లో తన సీటు వెనకున్న కాస్త జాగాలోంచి టిఫిన్ క్యారియర్ తీసేసి, "ఇక్కడ కూర్చో చెల్లెమ్మా" అని, తాళం తిప్పాడు.

ఆశ్చర్యం! బండి ఆగలేదు. తవ్వుతోంది, ఎత్తుతోంది, పోస్తోంది. ఎండ నడినెత్తికొచ్చింది. క్యాబిన్లో నేను ఆవకాయ జాడీలో ముక్కలా ఊరిపోతున్నాను. అయినా కిటికీలోంచి తల బయటపెట్టి, గట్టు మీద వాళ్ళకి వినపడేలా "ఎలా ఉందండీ నా పాదం?" అని అరిచాను. ఎందుకు పని చేస్తోందో నాకూ తెలియదన్న సంగతి ముఖంలో కనపడనివ్వలేదు.

అంతలో నీళ్ళ వాసనకో ఏమో, ఎవరివో గేదెలు గుంటలోకి దిగబోయాయి. వాటిని అదిలించడానికి అన్న హారన్ నొక్కాడు. 'భాం' అన్నది కాస్తా 'ఊం' అని మూలిగి ఆగిపోయింది. దాంతోపాటే ఇంజన్ కూడా. గట్టు మీద చప్పట్లు!

"హారన్ కూడా చచ్చిందేంటన్నా?" అన్నాను.

"ఇంజన్ ఆగితే హారన్ ఎక్కడ మోగుద్ది చెల్లెమ్మా?"

"హారన్ మోగేది బ్యాటరీ మీద కదా! ఇంజన్ ఆగితే దానికేం?" అంటుంటే నాకే తట్టింది. "అన్నా, నేనొచ్చినప్పుడల్లా హారన్ ఎందుకు కొడతావు?"

అన్న కాస్త మొహమాటపడ్డాడు. "నువ్వు పాటలు చెవిలో పెట్టుకుని, ఎటో చూస్తా వస్తావు గదా. గుంటలో పడిపోతావేమోనని."

నా పాదం మహిమ అదన్నమాట. కిందకి దూకి ఇంజన్ మూత విప్పి చూశాను. ఇంజన్‌కి డీజిల్ అందాలంటే ఒక చిన్న మీటని కరెంటు పట్టి ఉంచాలి. కరెంటు తగ్గితే మీట వదిలేస్తుంది, ఇంజన్ ఆగిపోతుంది. ఎవరో మహానుభావుడు సరిగ్గా ఆ మీటకి వెళ్ళే సన్నటి వైరునే కోసి, దానికి లారీకి పెట్టేంత హారన్‌ని మెలిపెట్టి, పైన టేపు చుట్టాడు. హారన్ నొక్కితే ఆ సన్నవైరులో వచ్చే కాస్త కరెంటునీ అదే మింగేస్తోంది, అది దానికీ చాలట్లేదు. మా షెడ్డు నుంచి వెళ్ళినప్పుడు బండికి ఈ హారన్ లేదు. "ఎవరు పెట్టించారన్నా?" అంటే, అన్న మంచం వైపు చూశాడు.

నేను చిన్నరసం గారి దగ్గరికి వెళ్ళి, "ఒక్కసారి బండెక్కండి" అన్నాను. ఆయన ఎక్కారు. అన్న ఇంజన్ స్టార్ట్ చేశాడు. "హారన్ కొట్టండి." కొట్టారు, ఆగిపోయింది. "మళ్ళీ కొట్టండి." మళ్ళీ ఆగిపోయింది. పనివాళ్ళందరూ పారలు వదిలేసి గుంట చుట్టూ మూగారు. నేను రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని అడిగాను.

"ఇప్పుడు ఎవరి పాదమండీ?"

ఆయన హారన్ వైపు చూశారు, నా వైపు చూశారు, చివరికి తన బొటనవేలు వైపు చూసుకున్నారు.

"పాదం కాదమ్మాయ్... వేలు" అన్నారు.

ముందు గట్టు మీద ఆడవాళ్ళు పకపకా నవ్వారు, తర్వాత ఆయనే నవ్వారు. బండి వచ్చిందని ఊరందరికీ తెలియాలని జంక్షన్‌లో ఎవరిచేతో పెట్టించారట. "పీకెయ్ దాన్ని" అన్నారు. "పీకనండి. మీకు మోగాలనుంటే మోగాల్సిందే" అని, బ్యాటరీ నుంచి దానికి విడిగా లావాటి వైరు లాగి కట్టాను. ఆ సాయంత్రం తోటలో గేదెలు లేకపోయినా హారన్ మోగుతూనే ఉంది.

ఇప్పుడు షెడ్డు నేనే చూసుకుంటున్నాను. మాట నెమ్మదించింది, నడుం కాస్త బరువెక్కింది. బండి చూడ్డానికి వెళ్తే, "మీరెందుకు వచ్చారు మేడమ్? మెకానిక్‌ని పంపాల్సింది" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళతో వాదించే ఓపిక లేక, "అలాగేనండీ, పంపిస్తాను" అని నవ్వేసి కారెక్కేసే రోజులు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు దారి పొడుగునా ఆ క్యాబిన్లో ఊరిపోయిన పిల్లే గుర్తొస్తుంది. ఏమీ తెలియకుండానే అంత గట్టిగా ఎలా అరిచిందో, అన్నీ తెలిసిన నేను ఇంత మెత్తగా ఎందుకు వచ్చేస్తున్నానో అనిపించి నవ్వొస్తుంది. ఒక్కోసారి ఆ నవ్వు ఇంటిదాకా వస్తుంది. ఒక్కోసారి మాత్రం రోడ్డు పక్కన కాసేపు ఆగి, కారు వెనక్కి తిప్పుతాను.