కారు తాగని ఆయిల్

మొన్న గోదావరిఖని చౌరస్తాలో ఒక పాత ఆటో నా ముఖం మీదికి నీలం పొగ వదిలి పోయింది. పక్కనున్న వాళ్లంతా ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం నిలబడి గుండెల నిండా పీల్చాను. కాలిన ఇంజనాయిల్ వాసన. నా భార్య మోచేయి పట్టి లాగి, "దగ్గుకు మందు తాగే మనిషివి, పొగ మింగుతవేంది?" అని కసిరింది. ఆమెకేం చెప్పను? అప్పటికే నేను యాభై ఏళ్ల వెనక, మా క్వార్టరు ముందు నిలబడి ఉన్నాను. రాజలింగు కాక నా కారు బానెట్ ఎత్తి, విసుగ్గా తల ఆడిస్తున్నాడు.

డెబ్బైల మొదట్లో నేను బొగ్గుగని ఆఫీసులో హాజరు రాసే గుమాస్తాను. బ్రాహ్మణులకు పేరుపడ్డ మంథని నుంచి వచ్చినవాణ్ని కనుక అందరికీ 'పంతులు'నే. మా క్వార్టర్ల వరుసలో మొట్టమొదటి కారు నాది. ఒక కాంట్రాక్టరు వాడి వాడి వదిలించుకున్న బండి. ఆరడుగుల మనిషిని కావడం వల్ల స్టీరింగు వెనక కూర్చుంటే నా తల పైకప్పుకు తగిలేది. కమాన్‌పూర్ రోడ్డు మీద ఎనభై మైళ్ల వేగంతో పోతుంటే ఆ గాలికి జొన్నచేలు వంగి లేచేవి. సరే, నలభై మైళ్లు. అదీ ఎదురుగాలి లేకపోతే.

ఆ కారు ఆయిల్ తాగేది. పొద్దున స్టార్టు చేస్తే వరుసంతా నీలం పొగ కమ్మి, ఆడవాళ్లు ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి పరుగెత్తేవాళ్లు. 'పొగబండి పంతులు' అని పేరు పెట్టారు. ఇక సలహాలు! ఆముదం కలపమని ఒకరు, చిక్కటి ఆయిల్ పొయ్యమని ఇంకొకరు, బానెట్‌కు నిమ్మకాయ కట్టమని మా ఆఫీసు ప్యూను. సైకిలు కూడా లేనివాళ్లు సైతం నాకు ఇంజను పాఠాలు చెప్పారు. చెవుల్లోంచి కూడా పొగ వచ్చేంత చిరాకుతో పక్క క్వార్టరు తలుపు తట్టాను.

అది రాజలింగు కాక ఇల్లు. గని అడుగున ఊటనీళ్లు తోడే పంపులకు ఆయన ఫిట్టరు. మాటలు తక్కువ మనిషి. నావి ఎక్కువ.

"కాకా, ఇది నా రక్తం తాగుతున్నది. మంథని పోయి వచ్చేసరికి రెండు సీసాల ఆయిల్!" అన్నాను.

"చూసినవా, అనుకున్నవా?"

"చూసుడేంది కాకా? పోసేది నేనే గద!"

కాక నిట్టూర్చాడు. "పొద్దుగాల ఇంజను సల్లగున్నప్పుడు, బండి సమానం జాగల పెట్టి, ఆయిల్ కొలిచే కడ్డీ గుంజి తుడువు. మళ్ల పెట్టి మళ్ల గుంజు. అప్పుడు కనవడ్డదే నిజం. తక్కువుంటే ఒక సీస పొయ్యి, గోడమీద ఒక గీత గియ్యి. నెల రోజుల గీతలు చూసి చెప్త."

"నెల రోజులా! ఇయ్యాల్నే ఇంజను ఇప్పరాదు?"

"దాని దాహమెంతో తెల్వకుండనే గొంతు కోస్తవా, పంతులూ?"

సుద్దముక్క నా చేతిలో పెట్టి లోపలికి పోయాడు. ఆ గీత ఆయన గనిలోంచి తెచ్చిన అలవాటు. పంపులో పోసిన ఆయిల్‌కు పక్కగోడ మీద గీత గీసి, షిఫ్టు దిగేవాడు పైకి వచ్చేస్తాడు. కిందికి దిగేవాడు ఆ గీతను నమ్మి పంపు నడుపుతాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోను కూడా చూసుకోరు. గీత తప్పయితే పంపు పట్టేస్తుంది, నీళ్లు లేస్తాయి, లోపల మనుషులుంటారు. ఈ సంగతి కాకే నాకు చెప్పాడు. విన్నాను. విని ఏం చేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కాక తల్లికి రెండు కళ్లలోనూ శుక్లాలు కమ్మి చూపు పోయింది. ఎండాకాలంలో కాకకు కొడుకు పుడితే, అవ్వ వాణ్ని చేతులతో తడిమి చూసుకోవడమే. కరీంనగర్‌లో ఏడాదికోసారి కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టేవారు. అవ్వను అంతకుముందోసారి బస్సులో తీసుకుపోతే పెద్దపల్లి చేరకముందే వాంతులతో సొమ్మసిల్లింది. మళ్లీ బస్సెక్కనని ఒట్టు పెట్టుకుంది. అందుకని కాక మొదటిసారి నా దగ్గరికి పని మీద వచ్చాడు.

"వచ్చే ఆదివారం క్యాంపు. కారు వస్తదా?"

"కరీంనగర్ ఎంత కాకా? అవ్వ ఊఁ అంటే పట్నమే తీసుకపోత!"

లోపలి నుంచి అవ్వ నవ్వింది. "బిడ్డ పాలపండ్లు రాకముందే వాని ముఖం చూస్త, పంతులూ."

ఇక్కడే నేను చేసిన పని. అప్పటికి మూడు వారాలయింది. గోడ మీద ఉన్నవి మూడే గీతలు. టీకొట్టు దగ్గర నేను వారానికి గ్యాలను అని చెప్పుకుంటున్న కారు, వారానికి ఒక్క సీసా మించి తాగడం లేదు! ఇంత తక్కువ గీతలు చూస్తే కాక ఇంజను జోలికే రాడు. నేను చచ్చేదాకా పొగబండి పంతులునే. గురువారం పొద్దున, ఎవరూ చూడకుండా, మరో తొమ్మిది గీతలు గీశాను. ఒక్క చుక్క పొయ్యలేదు. చేతి వెంట సుద్ద రాలుతుంటే కాసేపు హాయిగా కూడా అనిపించింది.

సాయంత్రం కాక మొదటిసారి గీతలు చూడటానికి వచ్చి, వేలితో లెక్కపెట్టాడు. "పన్నెండా? ఆయిల్ ఆపే పిస్టను రింగులు పోయినయి. ఇది కరీంనగర్ చేరది. అవ్వను తొవ్వల కూర్చోబెడుతదిది." శుక్రవారం, శనివారం సెలవు పెట్టాడు. రెండు రోజుల్లో రింగులు మార్చి ఆదివారానికి బండి సిద్ధం చేస్తానన్నాడు. నేను అప్పుడైనా నోరు విప్పాల్సింది. నా జీవితంలో నేను మౌనంగా ఉన్నది ఆ ఒక్కనాడే.

శుక్రవారం మధ్యాహ్నానికి ఇంజను హెడ్డు ఊడి దుప్పటి మీదికి వచ్చింది. కాక సిలిండరు గోడలను గోటితో గీరి చూశాడు. రింగులు వెలుతురుకు పట్టి చూశాడు. ముఖం చిట్లించాడు. "గింత తాగిన ఇంజను గిట్లుండదు." లేచి నేరుగా మా వరండాలోకి పోయి, మూలనున్న ఆయిల్ డబ్బాను ఒక్క చేత్తో ఎత్తబోయాడు. లేవలేదు. రెండు చేతులా ఎత్తి, మళ్లీ నెమ్మదిగా దించాడు.

"పంతులూ, పన్నెండు సీసలు పోసినంక డబ్బ గింత బరువుంటదా?"

నేను గోడ వైపు చూశాను.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. తడిగుడ్డ తెచ్చి నా చేతికిచ్చి, "ఏది నిజమో నీకే ఎరుక. నిజమైనయి ఉంచు, తక్కినయి తుడువు" అన్నాడు. వరుసంతా చూస్తుండగా తొమ్మిది గీతలు తుడిచాను. మూడు మిగిలాయి.

హెడ్డు కింద ఉండే ప్యాకింగ్ ఒకసారి ఊడదీస్తే మళ్లీ పనికిరాదు. ఊళ్లో దొరుకుతుందనుకున్న కొత్తది దొరకలేదు, వరంగల్ నుంచి రావాలి. మంగళవారం వచ్చింది. క్యాంపు ఆదివారమే అయిపోయింది.

"అవ్వకు నువ్వే చెప్పు" అన్నాడు కాక. పోయాను. మొదట ప్యాకింగ్ దొరకలేదన్నాను. తర్వాత వరంగల్ కొట్టువాణ్ని తిట్టాను. అవ్వ మనవణ్ని ఒళ్లో పెట్టుకుని వింటూనే ఉంది. చివరికి చెప్పేశాను. ఆమె చేయి పిల్లవాడి ముఖం మీద తిరుగుతూ తిరుగుతూ పెదాల దగ్గర ఆగింది. "ఏడాదికి వీడు నడుస్తడు గద" అంది. అంతే.

ఆ ఏడాదంతా ప్రతి పొద్దునా కడ్డీ గుంజి, తుడిచి, మళ్లీ పెట్టి చూశాను. కాక డ్యూటీకి పోతూ, గోడ చూడకుండా నన్నే అడిగేవాడు. "ఎంత?" నేను చెప్పేవాణ్ని. ఒకసారి "సగం సీసా, ఇంచుమించు" అంటే సైకిలు దిగి, "ఇంచుమించు ఏంది? సగమా, కాదా?" అని నిలదీశాడు. పొగ తగ్గలేదు. ఎందుకు తగ్గలేదని నేను ఎగిరితే, "ముసల్ది. ఆ మాత్రం తాగుతది. కొలిచి పొయ్యి, తిట్టకు" అన్నాడు.

మరుసటి ఏడాది అదే కారు అవ్వను కరీంనగర్ చేర్చింది. బయలుదేరే ముందు నేను కడ్డీ చూశాను, కాక చూడలేదు. నా మాట మీదే ఎక్కి కూర్చున్నాడు. ఆ నమ్మకం బరువుకు దారంతా నా వీపు నిటారుగానే ఉంది.

కట్టు విప్పిన రోజు అవ్వ ముందు మనవణ్ని చూసింది. వాడికి అప్పటికే నోటి నిండా పళ్లు. చాలాసేపు చూసింది. తర్వాత పక్కనున్న నన్ను కింది నుంచి పైదాకా చూసి, కొడుకు వైపు తిరిగింది.

"ఎవడురా ఈ పొట్టోడు?"

"పంతులే, అవ్వా."

"ఔనా! ఆ మాటలు ఇని ఆరడుగులుంటడనుకున్న."

కాక నవ్వడం నేను చూసింది అదే మొదలు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, కారు అంతకుముందే పోయింది. ఇప్పుడు దవాఖానలో డాక్టరు ఏదడిగినా నా నోరు ముందు పెద్ద అంకెనే అందుకుంటుంది. వెంటనే "చూసినవా, అనుకున్నవా?" అని వినబడుతుంది. దిద్దుకుంటాను. కనుక పైన రాసినదాంట్లో ఇంకొక గీత కూడా తుడవాలి. ఆ కారు పైకప్పుకు నా తల ఎన్నడూ తగల్లేదు. నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు.

రెండున్నర.