పత్తి మిల్లులో కంప్యూటర్ తాళం

జనగామ పత్తి మిల్లుకు వచ్చిన కంప్యూటర్‌కు దొరికిన మర్యాద నాకు నా పెళ్లిలో కూడా దొరకలేదు. దానికోసం ప్రత్యేకంగా గది కట్టారు. ఏసీ పెట్టారు, కిటికీలకు ముదురు నీలం తెరలు వేశారు. లోపలికి రావాలంటే ఎవరైనా సరే చెప్పులు బయట విడవాలి. అవి ఎనభైల చివరి సంవత్సరాలు. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసి ఊరికి తిరిగొచ్చింది నేనొక్కదాన్నే కాబట్టి దాని ముందున్న కుర్చీ నాకిచ్చారు.

ఆ యంత్రం చేసే పని చాలా చిన్నది. పత్తి బండ్లకు వంతు ఇవ్వడం. అంతకుముందు సీజన్ వచ్చిందంటే మిల్లు గేటు ముందు బండ్లు బారులు తీరేవి. రైతులు ఎడ్లను విప్పి బండ్ల కిందే పడుకునేవాళ్లు. పెద్ద రైతుల బండ్లు మాత్రం వెనక వచ్చి ముందు పోయేవి. రోజూ పంచాయితీలే. మిల్లు యజమానిని అందరం సేటు అనేవాళ్లం. ఆయన విసిగిపోయి ఈ కంప్యూటర్ కొన్నాడు. బండి రాగానే నేను రైతు పేరు, ఊరు కొడతాను, అది వంతు చెబుతుంది. ఒకసారి ఇచ్చిన వంతు మార్చాలంటే రహస్య పదం కావాలి, అది నాకే తెలుసు. "మిషనుకు సుట్టాలుండరు" అని సేటు గేటు దగ్గర నిలబడి అందరికీ చెప్పాడు. రైతులు నమ్మారు, నేనూ నమ్మాను.

ఆ నమ్మకం ఒక ముసురు పట్టిన రోజున పోయింది. బచ్చన్నపేట నుంచి వచ్చిన ఒక అవ్వ తడిసిన కొంగుతో గది గుమ్మం దగ్గర నిలబడింది. మొగుడు పోయాక బండి తనే తోలుకొచ్చేది.

"నిన్న నా బండి పాలకుర్తి బండ్ల కన్న ముందున్నదని జెప్పితివి గద బిడ్డా. గిప్పుడు ఎనుకకెట్ల వోయింది?" అని అడిగింది.

కంప్యూటర్ తెర మీద చూశాను. నిజమే, పాలకుర్తి వైపు దొర బండ్లన్నీ ఆమె బండి కంటే ముందుకు వచ్చాయి. అవి లోపలికి పోయేసరికి అవ్వ పత్తి వానలో నాని పచ్చబడింది. తడిసిన పత్తికి ధర ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆమె నన్ను తిట్టిన తిట్లు గది బయట ఉన్నవాళ్లందరూ విన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

సాయంత్రం సేటు పిలిచాడు. "వంతు మార్చాలంటే ఆ రహస్య పదం గావాలె. అది నీకొక్కదానికే ఎరుక. నా తాన పొరపాటయిందని కాయితం రాసియ్యి. గీసారికి ఇడిసిపెడ్త. లేకుంటె సోమారం నుంచి రాకు."

"నేను మార్చలేదు సేటూ. మార్చనిదాన్ని మార్చిన్నని ఎట్ల రాయాలె?" అన్నాను.

ఈ మాట నాది కాదు, మా బాపుది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం అప్పుడు బాపు మానుకోటలో చిన్న గుమాస్తా. బడులు మూతపడ్డాయని నన్ను చిట్యాలలో మా అమ్మమ్మ దగ్గర దించడానికి వచ్చి, వెనక్కి వెళ్లేసరికి బజారులో రాళ్లు వేసిన గుంపులో ఆయన కూడా ఉన్నాడని ఎవరో చెప్పి పెట్టారు. తప్పయిందని రాసిస్తే చాలన్నాడు పై అధికారి. బాపు రాయలేదు. ఆరోజు ఆయన మానుకోటలోనే లేడు. రాయనందుకు చాలాకాలం జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నాడు, జొన్న గట్క తాగి బతికాం. అయినా ఆయన ఆ రోజుల గురించి ఎప్పుడూ మొహం వేలాడేసుకుని చెప్పలేదు. ఆయన కూతుర్ని నేను. సేటు ఇచ్చిన తెల్ల కాగితం బల్ల మీదే వదిలేసి ఇంటికి వచ్చాను.

సోమవారం లోపల దొంగను పట్టుకోవాలి. కూర్చుని ఆలోచించాను. వంతులు తారుమారైన ఆరోజు మిల్లుకు ఎవరెవరు వచ్చారు? దొర వచ్చాడు. చల్లగదిని చూసిపోతానని మేనల్లుణ్ణి వెంటపెట్టుకుని వచ్చాడు. ఆ పిల్లగాడు హైదరాబాద్‌లో కంప్యూటర్లే చదువుతున్నాడు. దొర వస్తే మా దగ్గర పద్ధతి ఒకటే. ఉన్నవాళ్లందరూ లేచి నిలబడాలి, ఆడవాళ్లు గది వదిలి వరండాలోకి పోవాలి, ఆయన వెళ్లేదాకా రాకూడదు. ఎవరూ చెప్పక్కర్లేదు, కాళ్లే లేస్తాయి. నేనూ ప్రోగ్రామును రహస్య పదం అడిగే తెర దగ్గర ఉంచి వరండాలోకి పోయాను. తాళం వేశాను కదా అనుకున్నాను. తిరిగి వచ్చేసరికి తెర మీద నా ప్రోగ్రామే ఉంది. కానీ పైన ఒక మూల 'ఓకే' అన్న మాట కనిపించింది. నా ప్రోగ్రాములో ఆ మాట ఎక్కడా లేదు. అప్పుడు పట్టించుకోలేదు, ఇప్పుడు అదే నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు ఆదివారం. వంతులు తారుమారైన సంగతి తెలిసి, కంప్యూటర్ అమ్మిన కంపెనీ మనిషి మిల్లుకు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన వాడు. ఆ ప్రోగ్రాము రాసింది ఆయనే. జరిగింది నేను చెబుతుంటే నవ్వాడు.

"గిట్ల గట్ల అంటే మిషన్‌కి అర్థం కాదమ్మా. రహస్య పదం తెలియకుండా లోపలికి ఎవరూ వెళ్లలేరు."

నాకు ఒళ్లు మండింది. "సార్, నా మాట మిషనుకు సమజ్ గాకున్నా పర్వలేదు, మీకైతె చాలు. రహస్య పదం మీ ఇష్టమొచ్చినట్టు మార్చుండ్రి. నాకు జెప్పకుండ్రి. నేను బయట నిలబడ్త."

సేటు కూడా అక్కడే ఉన్నాడు. ఆయన సరే అన్నాక పదం మార్చారు. నేను లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. పదం అడుగుతున్న తెర ముందు, కోర్సులో నేర్చుకున్నట్టు కంట్రోల్ మీటను, బ్రేక్ మీటను కలిపి నొక్కాను. ప్రోగ్రాము ఆగింది. కింద 'ఓకే' అని వచ్చింది, దొర పోయాక తెర మీద నేను చూసిన మాటే. వంతులు మార్చే భాగం ఎక్కడ మొదలవుతుందో ఆ వరుసకు వెళ్లమని ఒక్క ముక్క కొట్టాను. వెళ్లింది. ఏ పదమూ అడగలేదు. చివరి బండిని ముందుకు, మొదటి బండిని అట్టడుగుకు మార్చి చూపించాను. సేటు తెర దగ్గరికి వంగి చూశాడు.

ఎందుకిలా అంటే, అప్పటి బేసిక్ భాషలో మన ప్రోగ్రాము తనంతట తాను నడవదు. దాన్ని ఒక్కో వరుసా చదివి నడిపించేది వెనకాల ఇంకొకటి ఉంటుంది. తాళం వేసింది మన ప్రోగ్రాము. వెనకాల నడిపించేదానికి ఆ తాళంతో సంబంధం లేదు. ఎవరు కూర్చుంటే వాళ్లే యజమాని దానికి. గేటు దగ్గర కావలివాడు పేరు అడుగుతాడు, భుజం మీద తడితే మాత్రం తాళంచెవుల గుత్తి మన చేతిలో పెట్టి పక్కకు పోతాడు, అలాంటిది.

"ఇది నా ప్రోగ్రాములో తప్పు కాదండీ, భాష స్వభావమే అంత" అన్నాడు కంపెనీ మనిషి. నవ్వు పోయింది.

"ఆ భాషల రాసింది మీరే గద సార్. తలుపు పెట్టి గోడ కట్టకపోతే తప్పు ఎవరిది?"

బ్రేక్ మీటను ఊడదీసి దాచేద్దామన్నాడు ఆయన. సేటు కూడా తల ఊపాడు. నేను ఒప్పుకోలేదు. మీట ఊడదీస్తే అగ్గిపుల్లతో నొక్కుతారు. ఇంకో కీబోర్డు తెచ్చి తగిలిస్తారు. ప్రోగ్రామును మొత్తంగా యంత్రభాషలోకి మార్చి ఇవ్వమన్నాను. అప్పుడు వెనకాల నడిపించేవాడు ఉండడు, మధ్యలో ఆపితే ప్రోగ్రాము చస్తుంది గానీ లోపలికి దారి ఇవ్వదు. వంతులు దాచే ఫ్లాపీని నేను గది దాటిన ప్రతిసారీ తీసి ఇనుప బీరువాలో పెడతానన్నాను. అది కూడా చాలదు. ఇచ్చిన వంతు ఇచ్చినట్టే గేటు దగ్గర నల్లబల్ల మీద సుద్దతో రాయాలి. ఎంత మంచి తాళమైనా ఏదో ఒకరోజు పగులుతుంది, పగిలిన సంగతి అందరికీ కనబడాలి.

"మరి దొరతోని ఏమనాలె?" అన్నాడు సేటు నీళ్లు నములుతూ.

"ఏం అనకు సేటూ. ఆ కాయితం మాత్రం నేను రాయ" అన్నాను. ఆయన ఆ తెల్ల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. క్షమాపణ ఏమీ చెప్పలేదు. నాకూ అక్కర్లేదు, కుర్చీ ఉంటే చాలు.

కొత్త ప్రోగ్రాము వచ్చింది. నల్లబల్ల వచ్చింది. బచ్చన్నపేట అవ్వ రెండో ఏరుడు పత్తితో మళ్లీ వచ్చి, చదవడం రాకపోయినా బల్ల ముందు నిలబడి పక్కవాళ్లతో తన వంతు చదివించుకుంది. నా వైపు చూసింది గానీ పలకరించలేదు.

ఆరోజే దొర జీపు దిగాడు. మేనల్లుడు వెనకాలే ఉన్నాడు. చెప్పుల చప్పుడు వినగానే వరండాలో తూకం వేసేవాడు లేచాడు, సేటు లేచాడు. నా కాళ్లు కూడా లేవబోయాయి. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకున్నాను. లేవలేదు.

దొర గుమ్మంలో ఆగాడు. "ఏందే, కాళ్లు వడిపోయినయా?"

"కాళ్లు మంచిగనే ఉన్నయి దొరా. నేను లేస్తె నా కుర్చీల ఇంకొకలు గూసుంటున్నరు. అట్ల గూసుంటె బచ్చన్నపేట అవ్వ పత్తి తడుస్తున్నది. అందుకే లేస్తలేను."

మేనల్లుడు నేల చూపులు చూశాడు. గదిలో ఉన్నది ఒకటే కుర్చీ, దాని మీద నేను కూర్చుని ఉన్నాను. దొర చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

నేను కిటికీ తెర పక్కకు లాగి చూశాను. వరుసలో అవ్వ బండి ముందుంది, దొర బండ్లు దాని వెనకాల ఉన్నాయి. అవ్వ ఎడ్లను అదిలించింది, బండి గేటు దాటి లోపలికి వచ్చింది.