సంగటి ముద్దతో తోమిన కొత్త కారు

మా అన్న జీవితంలో ఒక్కసారి, ఒకే ఒక్క ఇంటి ముందు, తలెత్తుకుని నిలబడాలనుకున్నాడు. ఆ ఒక్కసారి కూడా నిలబడనీయకుండా చేసినవాణ్ని నేను. ఎట్లా చేశానో చెబుతాను, నవ్వండి. నవ్వడానికే చెబుతున్నాను. నాకు మాత్రం ఇన్నేళ్లయినా నవ్వు సరిగ్గా రాదు. వచ్చినా చేదుగా వస్తుంది.

మా అన్న పేరు రెడ్డెప్ప. మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటాల వ్యాపారం. మా అక్కను కుప్పంలో ఒక పట్టుగూళ్ల వ్యాపారి కొడుక్కి ఇచ్చాం. పెళ్లికి మేమంతా టమోటా లారీలో పోయి దిగితే, ఆ వ్యాపారి, అంటే అక్క మామ, వాకిట్లో నిలబడి అందరికీ వినపడేలా అన్నాడు:

"ఏమప్పా రెడ్డెప్పా, పెండ్లికి వచ్చినారా, సరుకు దించేదానికి వచ్చినారా?"

పందిరంతా నవ్వింది. అన్న కూడా నవ్వాడు. కానీ ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. అక్కను చూడాలనిపిస్తే పలమనేరు బస్టాండుకు రమ్మని, అక్కడే ఒక బెంచీ మీద కూర్చుని మాట్లాడి వచ్చేవాడు. "పోతే సొంత కారులోనే పోతా" అనేవాడు. మేం దాన్ని కోపంలో అన్న మాట అనుకున్నాం.

అది రెండువేల రెండో సంవత్సరమో, మూడో సంవత్సరమో. అక్క కొడుక్కి చెవులు కుట్టించాలన్నారు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకుంటే తప్ప ఆ పని జరగదు కదా! అన్న చిత్తూరు పోయి కొత్త కారు తెచ్చాడు. ముదురు ఎరుపు రంగు, మా వీధిలో అదే మొదటి కొత్త కారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం, కొబ్బరికాయ కొట్టాం, బానెట్ మీద పసుపు కుంకుమలతో బొట్లు పెట్టాం. తెల్లారితే కుప్పం ప్రయాణం అనగా, అన్న యార్డుకు పోతూ నాతో ఒక మాట అన్నాడు.

"ఆ పసుపు కాస్త తుడిచిపెట్రా. అంతే."

అంతే అన్నాడు. మీరు గమనించాలి. ఆ "అంతే" అన్న మాటను నేను చెవిలో వేసుకుని ఉంటే ఈ కథే లేదు.

కానీ నేను చదువుకున్నవాణ్ని కదా! డిగ్రీ మూడో సంవత్సరం దాకా పోయి అక్కడ స్థిరపడ్డవాణ్ని. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేవాణ్ని నేనొక్కడినే కాబట్టి, నేను తప్పుగా చదివితే దిద్దేవాడు లేడు. బెంగళూరులో పాత పుస్తకాలవాడి దగ్గర కొన్న కార్ల పత్రిక ఒకటి నా దగ్గర ఉండేది. కొత్తగా కారు కొన్నవాళ్లు దాన్ని ఎట్లా చూసుకోవాలో అందులో రాశారు. మొదట మెత్తటి గుడ్డతో కడగాలట. తర్వాత క్లే అనే మెత్తటి ముద్దను తడి తడిగా రుద్దాలట, అది కంటికి కనపడని ఇసుకను లాగేస్తుందట. చివర మైనం పూసి తుడవాలట.

స్పేర్ పార్టుల అంగడికి పోయాను.

"అన్నా, క్లే ఉండాదా?"

"అది యాడి పార్టప్పా? ఇంజన్‌లోదా, గేరుబాక్సుదా?"

"పెయింటు మింద రుద్దేది. ముద్ద మాదిరి మెత్తగా ఉంటాది."

"ముద్దయితే హోటల్లో అడుగు పో."

అంగట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. వాళ్లకది వెటకారం. నాకు మాత్రం దారి దొరికింది.

ఇంటికొచ్చి మొదలుపెట్టాను. మెత్తటి గుడ్డ అని రాశారు గానీ, మా ఇంట్లో బర్రెలను తరతరాలుగా కొబ్బరి పీచుతోనే తోముతున్నాం, ఒక్క బర్రె కూడా ఏమీ అనలేదు. ఆ పీచే తీసుకుని, బట్టల సోడా కలిపిన నీళ్లతో కారును ముందు నుంచి వెనక దాకా తోమాను. పసుపు పోయింది. పసుపుతో పాటు ఇంకేం పోయిందో నురగలో కనపడలేదు. తర్వాత వంటింట్లోకి పోయాను. వదిన అప్పుడే రాగి సంగటి కెలికి ముద్దలు చేస్తోంది.

"ఒక ముద్ద ఇయ్యి వదినా."

"యాల అబ్బోడా, అప్పుడే ఆకలా?"

"తినేదానికి కాదు. కారుకు."

"కారు సంగటి తింటాదా?"

"రుద్దేదానికి వదినా. ఇంగ్లీషు పుస్తకంలో రాసుండారు."

"సంగటి అని రాసుండారా?"

"ముద్ద అని రాసుండారు. వాళ్లకు సంగటి తెలీదు కాబట్టి ఇంకేదో వాడతాండారు."

వదిన నా మొహం చూసింది, ముద్ద చూసింది. చదువుకున్న మరిదిని ఎదిరించడం ఎందుకనుకుందో ఏమో, ఇచ్చేసింది. ఆ రోజు ఆమె నా నెత్తిన గరిటెతో ఒక్కటి వేసి ఉంటే ఇప్పటికీ ఆమెకు దండం పెట్టేవాణ్ని.

సంగటి తడిగా ఉన్నప్పుడు చక్కగా జారింది. ఇసుకను లాగుతోందని సంబరపడిపోయి ఇంకో ముద్ద తెచ్చాను. ఇంతలో ఎండ ముదిరింది. కారు రేకు దోసె పెనంలా కాలింది. సంగటి ఎక్కడ రుద్దానో అక్కడే అంటుకుని, ఎండి, గట్టిపడింది. నీళ్లు పోస్తే పోలేదు, పీచుతో తోమితే పోలేదు. చివరికి దోసె తిప్పే గరిటె తెచ్చి గీకాను. సంగటి పోయింది. గరిటె పోయిన దారి మాత్రం మిగిలింది.

"ఏమి అబ్బోడా ఆ గీతలు?" అంది వదిన, గడపలో నిలబడి.

"మైనం పూస్తే కనపడవులే."

షోరూమువాళ్లు ఉచితంగా ఇచ్చిన మైనం డబ్బా ఒకటి ఉంది. నీడలో, పలచగా పూసి వెంటనే తుడవాలని దాని మీదే రాసి ఉంది. అప్పటికి నాకు చదివే ఓపిక పోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో, గోడకు సున్నం కొట్టినట్టు మందంగా పట్టించి, అన్నం తినడానికి లోపలికి పోయాను. తిని వచ్చి చూస్తే కారంతా తెల్లటి మచ్చలు. గుడ్డ పెట్టి లాగితే గుడ్డే అంటుకుంది.

నాకు ఏడుపొచ్చింది. వదిన జాలిపడి ఆముదం సీసా తెచ్చింది.

"ఎద్దు కొమ్ములకు పూస్తే ఎట్ల మెరుస్తాయి! దీనికీ పూసి సూడు."

పూశాం. ఇద్దరం కలిసి, చుక్క మిగలకుండా పూశాం. మచ్చలు మాయం, గీతలు మాయం. సాయంత్రం వీధి లైటు వెలుతురులో ఆ కారు ఎట్లా ఉందంటే, అన్న యార్డు నుంచి వచ్చి చూసి అక్కడే ఆగిపోయాడు. దగ్గరికొచ్చి తాకబోయి, మాసిపోతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బలే చేసినావురా," అన్నాడు. "కుప్పంలో ఆయప్ప సూడల్ల దీన్ని."

అన్న నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నేను మురిసిపోయాను. నిజం ఆ సాయంత్రమే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

తెల్లారి బయలుదేరాం. అన్నకు కారు నడపడం కొత్త, కాబట్టి లారీలు, జీపులు అన్నీ మమ్మల్ని దాటి పోతూ దుమ్ము కొట్టాయి. మామూలు కారైతే దుమ్ము పడి రాలిపోయేది. ఆముదం పూసిన కారు కదా, దారిలో ఉన్న ఏ ఒక్క రేణువునూ వదిలిపెట్టలేదు. పుంగనూరులో టీకి ఆగేసరికి ముదురు ఎరుపు కారు మట్టిరంగులోకి మారింది. టీ అంగడాయన చుట్టూ తిరిగి చూశాడు.

"ఏమప్పా, బండికి గజ్జి తగిలినట్లుండాదే?"

అన్న టవలు తీసి తుడవబోయాడు. మట్టీ ఆముదం కలిసి బురదలా సాగాయి. దాని కింద నుంచి పొద్దుటి ఎండలో గరిటె గీతలు, పీచు గీతలు, తెల్ల మచ్చలు అన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

"ఏందిరా ఇది?"

చెప్పాను. పత్రిక సంగతి, పీచు సంగతి, సంగటి, గరిటె, మైనం, ఆముదం, అంతా. తిడతాడనుకున్నాను. కొడితే ఇంకా బాగుండేది. అన్న టవలు మడిచి భుజాన వేసుకుని, టీ తాగకుండానే కారెక్కాడు.

అక్క మామ వాకిట్లోనే ఉన్నాడు. పెళ్లికి మేం లారీ దిగినప్పుడు ఎక్కడ నిలబడ్డాడో అక్కడే. చుట్టాలంతా చూస్తున్నారు. ఆయన తీరిగ్గా కారు చుట్టూ తిరిగి, బానెట్ మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలు వాసన చూసుకున్నాడు.

"ఏమప్పా రెడ్డెప్పా, సెకండ్ హ్యాండా?"

నేను నోరు తెరిచాను. కొత్తదేనని చెప్పాలి. చెబితే, మరి యాల ఇట్లుండాదని అడుగుతాడు. అప్పుడు సంగటి సంగతి బయటపడుతుంది. ఇంతమంది ముందు నా బతుకు బజారున పడుతుంది. అన్న నా వైపు ఒక్కసారి చూశాడు.

"అవును మామా," అన్నాడు. "సెకండ్ హ్యాండే."

"అట్లయితే సరే. లారీకంటే మేలే." ఆయన నవ్వాడు. పందిరి మళ్లీ నవ్వింది. అన్న కూడా నవ్వి, లోపలికి పోయి, మేనల్లుణ్ని ఒడిలో కూర్చోబెట్టుకున్నాడు. పిల్లవాడు చెవి కుట్టగానే ఏడిచాడు. వాడి వంకతో నేనూ ఏడిచాను.

కుప్పంలో ఇప్పటికీ అది సెకండ్ హ్యాండ్ కారే. అక్క కూడా అదే నమ్మింది, ఎందుకంటే అన్న ఆమెకు కూడా నిజం చెప్పలేదు. సంపాదించుకున్న పరువంతా ఆ వాకిట్లో నా కోసం పారేసి, ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

కాబట్టి పాఠకుల సమక్షంలో, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ కారునూ కడగను, రుద్దను, పూయను. సొంత కారు కొన్నా సరే, వాన పడితే అదే తడుస్తుంది, లేకపోతే అట్లాగే పడి ఉంటుంది. సంగటి ముద్దను నోటికి తప్ప మరి దేనికీ తాకించను. ఆ నోటికి కూడా, అన్న ఎదురుగా కూర్చుని తింటున్నప్పుడు, అది ఇప్పటికీ గొంతు దిగదు.